స్పోర్ట్స్ కారుకు స్టెప్నీ: డిక్కీలోనా, ఇంట్లోనా?

ప్రశ్న: ఉండేది తిరుపతి. బెంగళూరులో ఒకరి దగ్గర 2012 నాటి బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ కొన్నాను. రెండు సీట్ల కారు. 18 అంగుళాల చక్రాలు. టైర్లు ముందు 225/40, వెనక 255/35, నాలుగూ రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే రకం). స్టెప్నీ లేదు, కంపెనీయే ఇవ్వలేదట. రన్‌ఫ్లాట్ల కుదుపు భరించలేక మామూలు టైర్లు వేయించాలని చూస్తున్నాను. నెలకు రెండుసార్లు నా భార్య, నేను పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లివస్తాం. తిరుగు ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే. స్టెప్నీ ఒకటి కొని డిక్కీలో పెట్టుకోవాలా? లేకపోతే పోలీసులు పట్టుకుంటారా?

జవాబు:

స్వామీ, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. మీ బెంగళూరు దారిలోని మొగిలి ఘాట్ దిగాక వెనక టైరు పోయిందనుకుందాం. డిక్కీలోంచి స్టెప్నీ తీశారు, ఎలాగో బిగించారు. మరి విప్పిన చక్రాన్ని ఎక్కడ పెడతారు?

కొలతలు చూడండి. మీ వెనక చక్రం టైరుతో కలిపి దాదాపు 64 సెంటీమీటర్ల వ్యాసం, పాతిక సెంటీమీటర్లకు పైగా మందం. మీ కారు పైకప్పు వేసి ఉంటే డిక్కీలో చోటు 310 లీటర్లు, పైకప్పును డిక్కీలోకి మడిచిపెడితే 180. మీరు కొనబోయే సన్న స్టెప్నీ, అంటే షాపు చేరేవరకు వాడుకునే సన్నటి చక్రం, మందం 13 సెంటీమీటర్లో, 14 సెంటీమీటర్లో ఉంటుంది. సంచులన్నీ దాని చుట్టూ సర్దేసి ఉంటారు. 13 సెంటీమీటర్ల మనిషి లేచిన చోట పాతిక సెంటీమీటర్ల మనిషి కూర్చోలేడు. మిగిలింది పక్క సీటు. అందులో మీ ఆవిడ ఉన్నారు.

ఇది నవ్వులాటకు అనడం లేదు. కొన్నేళ్ల కిందట నా దుకాణానికి వచ్చే ఒకాయన ఇలాంటి రెండు సీట్ల కారులో చెన్నై నుంచి వస్తున్నారు. నగరి దాటాక టైరు పోయింది. స్టెప్నీ ఉంది కాబట్టి బిగించారు. తీసిన చక్రం ఎక్కడా పట్టలేదు. చివరికి భార్యను తిరుపతి బస్సెక్కించి, చక్రాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి తీసుకొచ్చారు. ఆవిడ ఆయనకంటే అరగంట ముందే నా దుకాణానికి వచ్చి కూర్చున్నారు. చక్రాన్ని రోడ్డు పక్కన వదిలి రావచ్చు కదా అని ఆవిడ నన్ను అడిగారు. ఆ రిమ్ము ధర నేను చెప్పలేదు.

రేణిగుంట రోడ్డులో 26 ఏళ్లుగా టైర్ల పని చేస్తున్నాను. మొదటి పదేళ్లూ లారీ టైర్లే. లారీకి స్టెప్నీ లేకపోతే డ్రైవరు తాళం ముట్టుకోడు, ముట్టుకోకూడదు కూడా. అందుకే ఈ కార్లు మొదట వచ్చినప్పుడు స్టెప్నీ లేని బండి ఏం బండి అని నేనూ ఎగతాళి చేశాను. తర్వాత ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది.

ముందు పోలీసుల సంగతి. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లకు మించని కార్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలిని కనిపెట్టి చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదు. కాబట్టి మామూలు టైర్లు వేయించినా సరే, కిట్టు మాత్రం బండిలో ఉండాలి. టైర్లు మార్చాక గాలి హెచ్చరిక దీపాన్ని రీసెట్ చేయించాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. ఇక అలిపిరిలో డిక్కీ తెరిపిస్తారు, నిజమే. అక్కడ వెతికేది మద్యం, సిగరెట్లు, మాంసం. స్టెప్నీ ఏదని అక్కడ ఎవరూ అడగగా నేను వినలేదు.

అసలు ఆ పేరుకే ఒక కథ ఉంది. తొలి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పోతే రోడ్డు మీదే విప్పి, అతికి, గాలి కొట్టుకోవాలి. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లానెల్లీ అనే ఊళ్లో, స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు ఒక అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వీధి పేరే చక్రానికి పేరైంది. వాళ్ల దేశంలో ఆ మాట దాదాపు మరుగునపడింది. మన పంక్చర్ షాపుల్లో మాత్రం బతికే ఉంది. స్పోర్ట్స్ కార్ల వాళ్లు ఈ చక్రంతో మొదటినుంచీ తంటాలు పడుతూనే ఉన్నారు. పాత పోర్షే 911ల్లో గాలి తీస్తే ముడుచుకుపోయే స్టెప్నీ ఉండేది. దాన్ని బండిలోని చిన్న కంప్రెసర్‌తో ఊది వాడుకోవాలి. అంత తెలివైన ఏర్పాటు ఉన్నా, విప్పిన చక్రం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వాళ్లనూ వదల్లేదు.

ఇప్పుడు పంక్చర్ల సంగతికి వద్దాం. స్టెప్నీ కావాలా వద్దా అన్నది టైరు ఎలా పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం ట్రెడ్‌లో, అంటే నేలకు ఆనే భాగంలో, దిగిన మేకులు, స్క్రూలు. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకు తన కన్నాన్ని చాలావరకు తానే మూసి ఉంచుతుంది. గాలి గంటలకొద్దీ మెల్లగా పోతుంది. ఇక్కడ మన వాళ్లు చేసే పెద్ద పొరపాటు, మేకు కనబడగానే కటింగ్ ప్లయర్‌తో పీకేయడం. పీకకండి. గాలి కొట్టుకుని, 60కి మించకుండా దగ్గర్లోని షాపుకు పోండి. గాలి గబగబా దిగిపోతుంటేనే రోడ్డు మీద పని మొదలుపెట్టాలి. అప్పుడు మేకు లాగి, ఆ కన్నంలో ఆకురాయి లాంటి సూదిని నాలుగైదుసార్లు ఆడించి, జిగురు పూసిన రబ్బరు పురిని కన్నం ఉన్న రెండో సూదికి ఎక్కించి లోపలికి దించాలి. అర అంగుళం బయట మిగిలేలా సూదిని ఒక్క ఊపున లాగేయాలి. మిగిలిన కొసను కోసి, గాలి కొట్టి, కాస్త నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. చేయి తిరిగితే పది నిమిషాల పని. చేయి తిరగడానికి ఒక పాత టైరు మీద ఇంట్లోనే రెండుసార్లు చేసి చూడండి, రాత్రి వాన పడుతుంటే మొదటిసారి నేర్చుకోవడం కుదరదు. ఇంటికి చేరాక టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారం ప్యాచీ వేయించాలి. మీ కారు వేగాలకు పురి ఒక్కదాన్నీ నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు.

కంప్రెసర్ మంచిది కొనండి. బొమ్మలాంటివి వస్తున్నాయి, రెండు నిమిషాలకు వేడెక్కి ఆగిపోతాయి. కొన్న రోజే ఒక టైరులో గాలి 15కు దించి మళ్లీ నింపి చూడండి. అప్పుడే దాని బండారం బయటపడుతుంది.

సీసాలో వచ్చే జిగురు ద్రవం, అదే సీలెంట్, చివరి ఆయుధంగా మాత్రమే వాడండి. ట్రెడ్‌లో ఆరు మిల్లీమీటర్ల లోపు కన్నాన్ని అది మూస్తుంది. పక్క గోడ చిరిగితే దానివల్ల ఏమీ కాదు. దానికి గడువు తేదీ ఉంటుంది, ఎవరూ చూడరు. మన మే నెల ఎండలో డిక్కీ పొయ్యిలా ఉంటుంది, సీసా అందులో ఏళ్ల తరబడి ఉడుకుతుంది. ఈ ద్రవం విషయంలో నా తప్పు కూడా ఒకటి ఉంది. తొలిరోజుల్లో ఒక కస్టమరు తొందరపెడితే టైరులో సీసా మొత్తం పోసి పంపించాను. మూడు వారాల తర్వాత ఆ బండి స్టీరింగ్ అదురుతోందంటూ తిరిగొచ్చింది. ద్రవం ఒకవైపు గడ్డకట్టి చక్రం తూకం చెడింది. టైరు లోపలంతా గీకి కడగడానికి మా కుర్రాడికి పూట పట్టింది. డబ్బు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మేకుల సంగతి ఇంతే, వాటికి స్టెప్నీ అక్కర్లేదు. అసలు భయం రెండోది: పక్క గోడ కోసుకుపోవడం. మీ టైరు పక్క గోడ ఎత్తు ముందూ వెనకా 9 సెంటీమీటర్లే. గుంతలో పడితే రిమ్ము అంచుకూ గుంత అంచుకూ మధ్య అది నలుగుతుంది. లోపలి దారాలు తెగితే మర్నాటికి కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. రాయి గీసుకుంటే అప్పటికప్పుడే చీలిపోతుంది. ఇలా చీలిన టైరుకు కిట్టు, పురి, సీసా ఏవీ పనికిరావు.

మీరు వెళ్లే దారిలో ఇలాంటివి ఎక్కడ జరుగుతాయో చెబుతాను. చిత్తూరు దాటాక గ్రానైట్ లారీలు తిరిగే చోట్ల రోడ్డు అంచున రాతి పెచ్చులు పడి ఉంటాయి, గాజు ముక్కల్లా పదును. మామిడి కాలంలో బంగారుపాళ్యం దగ్గర తోతాపురి ట్రాక్టర్లు మార్కెట్టు కోసం, గుజ్జు ఫ్యాక్టరీల కోసం వరుస కడతాయి. వాటిని తప్పించుకుంటూ కారు మట్టి అంచుకు దిగుతుంది, పెచ్చు తగిలేది అక్కడే. మొగిలి ఘాట్‌లో మలుపులు, లారీలు, చీకటి. ఆ చుట్టుపక్కలే కౌండిన్య అభయారణ్యం, ఏనుగులున్న అడవి. ఇద్దరు మనుషులు, పొట్టి కారు, అర్ధరాత్రి, మలుపు దగ్గర జాకీ పెట్టుకుని కూర్చోవడం. లారీ డ్రైవరుకు మీ కారు ఎత్తు కనబడేసరికే ఆలస్యమవుతుంది. అక్కడ మీకు కావలసింది చక్రం మార్చుకునే వీలు కాదు, ఆగకుండా ముందుకు పోయే వీలు.

అందుకే మీరు తీసేయాలనుకుంటున్న రన్‌ఫ్లాట్ల గురించి మళ్లీ ఆలోచించమంటున్నాను. వాటి పక్క గోడలు మందం. గాలి పూర్తిగా పోయినా బండి బరువును మోస్తాయి. సాధారణంగా 80 కిలోమీటర్ల వేగానికి మించకుండా 80 కిలోమీటర్ల దూరం నడపొచ్చు. మొగిలి నుంచి చిత్తూరు ఆ దూరంలో సగం కూడా లేదు. దీపం వెలుగుతుంది, వేగం తగ్గిస్తారు, మీ ఆవిడకు నిద్ర కూడా చెడకుండా చిత్తూరు చేరతారు. పక్క గోడ మరీ నిలువునా చీలిపోతే రన్‌ఫ్లాట్ కూడా చేతులెత్తేస్తుంది, అది వేరే సంగతి. ఇంకొకటి, గాలి లేకుండా నడిపిన రన్‌ఫ్లాట్‌కు పంక్చర్ వేయించి మళ్లీ వాడకండి. పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపలి గోడ నలిగి పొడి రాలుతూ ఉంటుంది. వేస్తామనే షాపులు ఉన్నాయి, నేను వేయను.

కుదుపు సంగతి కాదనను. గట్టి పక్క గోడ వల్ల ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ కుదుపంతా రన్‌ఫ్లాట్ మీదికే తోసేయకండి. ముందు టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. మీ కారు పాతది, ఆ టైర్లు కూడా ఏడెనిమిదేళ్ల నాటివై ఉండొచ్చు. ముసలి రబ్బరు చెక్కలా కొడుతుంది. రెండోది, బండి అమ్మినాయన 40 గాలి కొట్టించి ఉంటాడు, చాలామంది అదే చేస్తారు. తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంతే, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించి ఒక వారం నడిపి చూడండి. అప్పటికీ భరించలేకపోతే మామూలు టైర్లకు మారండి, తప్పేమీ లేదు. నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకే ఇరుసు మీద ఒక పక్క రన్‌ఫ్లాట్, ఇంకో పక్క మామూలు టైరు ఉంటే మలుపుల్లో బండి రెండు మనసులతో తిరుగుతుంది.

మామూలు టైర్లకు మారాక, బెంగళూరు ప్రయాణాల వరకైనా సన్న స్టెప్నీ ఉంటే బాగుంటుందని మీకు అనిపించవచ్చు. అలా అయితే గుజిలీలో దొరికిన ఏదో ఒకటి కొనకండి. మీ చక్రానికి ఐదు బోల్టులు 120 మిల్లీమీటర్ల వృత్తంలో ఉంటాయి, నడిమి కన్నం 72.6 మిల్లీమీటర్లు. ఈ రెండూ కుదిరినంత మాత్రాన సరిపోదు. 35ఐ ముందు బ్రేకు డిస్కు పెద్దది. చిన్న చక్రం కాలిపర్‌కు, అంటే డిస్కును పట్టి ఆపే భాగానికి, తగులుకుని తిరగనే తిరగదు. కొనేముందు ముందూ వెనకా రెండు చోట్లా బిగించి, చేత్తో తిప్పి చూడాలి. మీ కారుకు నట్లు కాదు, బోల్టులు. ఇనుప స్టెప్నీకి మీ అల్లాయ్ బోల్టుల పొడవు సరిపోకపోవచ్చు, మరీ పొడవైతే లోపల బ్రేకు భాగాలకు తగులుతాయి. సన్న స్టెప్నీలో గాలి 60 ఉండాలి, 33 కాదు. దాని మీద 80 దాటకూడదు. 306 గుర్రాల బలం వెనక చక్రాల మీదికి వచ్చే బండికి ఒక పక్క 255 వెడల్పు, ఒక పక్క 125 వెడల్పు. తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ మీద కాలు పెట్టడానికే భయం వేయాలి.

తెలిసినవాళ్లు చేసే పని ఒకటుంది. వెనక టైరు పోతే, ముందు చక్రం ఒకటి విప్పి వెనకకు వేసి, సన్న స్టెప్నీని ముందుకు వేస్తారు. మీ ముందు, వెనక టైర్ల వెడల్పులు వేరైనా వ్యాసం దాదాపు ఒకటే, 637, 636 మిల్లీమీటర్లు. రెండు వెనక చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ మీద భారం పడదు. చక్కని ఉపాయమే. రాత్రి ఒంటిగంటకు రోడ్డు పక్కన ఒకదాని బదులు రెండు చక్రాలు విప్పే ఓపిక ఎందరికి ఉంటుంది?

జాకీ కూడా చూసుకోవాలి. గాలి పోయిన పొట్టి కారు కిందికి మామూలు జాకీ దూరదు. రెండు అంగుళాల మందం చెక్క ముక్క ఒకటి ఉంచుకుని, చక్రాన్ని దాని మీదికి ఎక్కించాక జాకీ పెట్టాలి. బీఎండబ్ల్యూ అడుగున జాకీ కోసం ప్లాస్టిక్ దిమ్మెలు ఉంటాయి, వాటి కిందే పెట్టాలి. పక్కన పెడితే రేకు వంగుతుంది. స్టెప్నీని డిక్కీలో పట్టీతో కట్టేయాలి. పదిహేను కిలోల ఇనుము వదులుగా ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది ఆగదు.

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటే, స్టెప్నీ కొనండి, కానీ డిక్కీ కోసం కాదు, ఇంటి కోసం.

మీ సైజు టైరు మన ఊళ్లో దొరకదు. చిన్నపాండూరు దగ్గర అంత పెద్ద అపోలో ఫ్యాక్టరీ పెట్టుకున్న జిల్లా మనది. అయినా 255/35 ఆర్18 కావాలంటే నేను చెన్నైకో బెంగళూరుకో ఫోన్ చేయాల్సిందే. రెండు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. టైరు చీలినప్పుడు మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది రోడ్డు మీద గడిచే రెండు గంటలు కాదు, ఆ వారం. కాబట్టి ఒక అసలు వెనక చక్రం, ఒక అసలు ముందు చక్రం సెకండ్ హ్యాండ్‌లో సంపాదించి, టైర్లు ఎక్కించి, ఇంట్లో నీడపట్టున పడుకోబెట్టండి. రెండు నెలలకోసారి గాలి చూస్తే చాలు. రెంటికీ డబ్బు కష్టమైతే వెనకది ముందు కొనండి, వెనక టైర్లే తొందరగా అరుగుతాయి కాబట్టి ఎలాగూ పనికొస్తుంది.

ఇది నా దగ్గరికి వచ్చే ఒక ఆడి టీటీ ఆయన నుంచి నేర్చుకున్నాను. మామిడి రోజుల్లో బంగారుపాళ్యం దగ్గర ఆయన టైరు పక్క గోడ నిలువునా చీలింది. మెల్లగా ఒక పెట్రోలు బంకు వరకు ఈడ్చి బండి అక్కడ పెట్టారు. ఇంటికి ఫోన్ చేస్తే తమ్ముడు చక్రాన్ని గోనెపట్టాలో చుట్టి తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాడు. కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. చిత్తూరు నుంచి ఆటో. మూడు గంటల్లో బండి మళ్లీ రోడ్డెక్కింది. చీలిన చక్రాన్ని ఆ తమ్ముడే అదే గోనెపట్టాలో చుట్టుకుని తిరుగు బస్సెక్కాడు. పక్క సీటు ఎవరూ ఖాళీ చేయాల్సిన పని లేకపోయింది.

మీ దారి ఇలా పెట్టుకోండి. రన్‌ఫ్లాట్లు అరిగేవరకు ఉంచండి. తిరుమల కొండకు, ఊళ్లో తిరగడానికి, చెన్నైకి కిట్టు, కంప్రెసర్ చాలు. బెంగళూరు నుంచి తిరుగు ప్రయాణం పగటిపూటకు మార్చుకోగలిగితే సగం భయం అక్కడే పోతుంది. హైవే మీద కదలలేని స్థితిలో ఆగిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేసి, ఇద్దరూ కారు దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. క్రేన్ వస్తే, బండి మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని అడగండి. ముందు చక్రాలు ఎత్తి వెనక చక్రాల మీద ఈడ్చుకుపోతామంటే ఒప్పుకోకండి.

ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. ఒక్కో చక్రానికి ఉన్న ఐదు బోల్టుల్లో ఒకటి తేడాగా ఉందేమో చూడండి. ఉంటే అది దొంగలకు అందకుండా పెట్టిన లాక్ బోల్టు. దాన్ని విప్పే చిన్న తాళం డిక్కీలోనో టూల్ కిట్టులోనో ఉండాలి. సెకండ్ హ్యాండ్ కార్లలో అది తరచూ మాయమై ఉంటుంది, పాత ఓనరుకూ గుర్తుండదు. అది లేకపోతే ఇంట్లో ఎన్ని చక్రాలున్నా ఒక్కటీ బిగించలేరు. దొరకకపోతే బండి తీసుకురండి, లాక్ బోల్టులు తీసేసి నాలుగు చక్రాలకూ మామూలు బోల్టులు వేస్తాను. శనివారం మాత్రం వద్దు, ఆ రోజు కొండకు వెళ్లే బండ్లతో మాకు ఊపిరాడదు.